ఎడిన్‌బరో వదలని కుంచె

ఫైనలియర్ దగ్గర పడుతోందంటే చాలు, ఇంట్లో, హాస్టల్లో ఒకటే చర్చ. ‘పెద్ద సిటీకి వెళ్తేనే కెరియర్. ఇక్కడుంటే ఏముంది?’ ఈ మాటలో నిజం లేకపోలేదు. కానీ పూర్తి నిజం కాదు. 250 ఏళ్ల కిందట ఇదే ప్రశ్న స్కాట్లండ్‌లో ఓ కుర్రాడికి ఎదురైంది. అతని పేరు హెన్రీ రేబర్న్. పని మనుషుల బొమ్మలు గీయడం. ఆ రోజుల్లో ఈ పనిలో పైకి రావాలంటే లండన్ వెళ్లాల్సిందే అనేవారు. రేబర్న్ మాత్రం సొంతూరు ఎడిన్‌బరోలోనే ఉండిపోయాడు. చివరికి ‘సర్’ బిరుదు అందుకున్నాడు. అయితే ఇది ‘ఊళ్లో ఉన్నా గెలవొచ్చు’ అని వెన్ను తట్టే కథ మాత్రమే కాదు. ఉండిపోయినందుకు ఆయన కొంత మూల్యమూ చెల్లించాడు. ఆ లెక్క కూడా చూడాలి. అప్పుడే మీ నిర్ణయానికి పనికొస్తుంది.

కంసాలి దుకాణంలో మొదలు

రేబర్న్ 1756 మార్చి 4న ఎడిన్‌బరోను ఆనుకుని ఉన్న స్టాక్‌బ్రిడ్జ్ అనే పల్లెలో పుట్టాడు. ఇప్పుడా పల్లె నగరంలో కలిసిపోయింది. తండ్రిది నూలు ఉడకబెట్టే వృత్తి. చిన్నతనంలోనే అమ్మానాన్న ఇద్దరూ పోయారు. అన్న విలియం పెంచాడు. చదువు హెరియట్స్ హాస్పిటల్‌లో. పేరు చూసి ఆసుపత్రి అనుకోకండి, అది తండ్రి లేని పిల్లల కోసం పెట్టిన బడి. జార్జ్ హెరియట్ అనే సంపన్న కంసాలి రాసిచ్చిన ఆస్తితో నడిచేది.

ఆ బడి నుంచి రేబర్న్ వెళ్లింది కూడా ఓ కంసాలి దుకాణానికే. జేమ్స్ గిల్లిలాండ్ అనే ఆయన దగ్గర అప్రెంటిస్‌గా చేరాడు. ఫొటోలు లేని కాలం కదా! ఇష్టమైన వాళ్ల బొమ్మను లాకెట్లో, ఉంగరంలో పెట్టుకుని తిరిగేవారు. అగ్గిపెట్టెంత జాగాలో మనిషి ముఖం రావాలి, పోలిక తప్పకూడదు. కుర్రాడు ఖాళీ దొరికినప్పుడల్లా ఈ చిన్న బొమ్మలు వేసేవాడు. గిల్లిలాండ్ వాటిని చూసి ‘నీ పని నువ్వు చూసుకో’ అనలేదు. నగరంలో పేరున్న చిత్రకారుడు డేవిడ్ మార్టిన్‌కు పరిచయం చేశాడు. మార్టిన్ కూడా చూసి గీసుకోవడానికి కొన్ని చిత్రాలు ఇచ్చాడు. అంతకు మించి నేర్పింది పెద్దగా లేదని రేబర్న్ జీవితకథ రాసినవాళ్లు చెబుతారు.

అంటే రేబర్న్‌కు బొమ్మల కాలేజీ లేదు, సిలబస్ లేదు. పెద్ద కాన్వాస్ మీద ఆయిల్ రంగులతో పనిచేయడం దాదాపు తనంతట తానే నేర్చుకున్నాడు. 1776లో, అంటే 20 ఏళ్ల వయసులో, జార్జ్ చామర్స్ అనే పెద్దమనిషి నిలువెత్తు బొమ్మ వేశాడు. తర్వాతి రేబర్న్ చిత్రాల పక్కన పెడితే అందులో తడబాటు తెలిసిపోతుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అన్నీ వచ్చాక పెద్ద పని ఒప్పుకుందామని ఆయన ఆగలేదు. పని ఒప్పుకుని, ఆ పనిలోనే నేర్చుకున్నాడు.

అందరి దారీ లండన్‌కే

అప్పటి ‘ట్రెండ్’ ఏమిటో చూడండి. రేబర్న్ కంటే ముందు తరంలో స్కాట్లండ్ గర్వంగా చెప్పుకున్న పోర్ట్రెయిట్ కళాకారుడు అలన్ రామ్సే. 1713లో ఎడిన్‌బరోలోనే పుట్టాడు. ఇటలీలో చదువుకుని లండన్‌లో స్థిరపడ్డాడు. మూడో జార్జ్ రాజుకు ఆస్థాన చిత్రకారుడయ్యాడు. రేబర్న్ తర్వాతి తరంలో డేవిడ్ విల్కీ 19 ఏళ్లకే లండన్ చేరి, అక్కడే పేరు తెచ్చుకున్నాడు. ముందువాళ్లు వెళ్లారు, వెనకవాళ్లూ వెళ్లారు.

రామ్సే కథలో మరో ముక్క కూడా ఉంది. రాజుగారి బొమ్మ ఒకసారి నచ్చాక, రాయబారులకు, ప్రముఖులకు పంపడానికి దాని కాపీలు కావాల్సి వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, బోలెడన్ని. స్టూడియోలో సహాయకులను పెట్టి అదే బొమ్మను మళ్లీమళ్లీ తయారు చేయించాల్సి వచ్చింది. హోదా పెరిగింది, కొత్త బొమ్మలు తగ్గాయి. పెద్ద చోట పెద్ద పేరు వస్తుంది. దాంతోపాటే ఇలాంటి పని కూడా నెత్తిన పడుతుంది. కంపెనీ పేరు చూసి ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు ‘అక్కడ నేను రోజూ చేసే పనేంటి?’ అని అడగాలనేది అందుకే.

అదృష్టాన్నీ లెక్కలో వేయండి

విజయగాథలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కష్టపడ్డాడు, పైకొచ్చాడు అని చెప్పి, మధ్యలో కలిసొచ్చినదాన్ని దాచేస్తుంటారు. రేబర్న్‌కు కలిసొచ్చింది పెళ్లి. ఇరవైల్లోనే ఆన్ ఎడ్గార్ అనే వితంతువును పెళ్లి చేసుకున్నాడు. ఆమె వయసులో పెద్ద, పిల్లలున్నారు, ఆస్తి కూడా ఉంది. బొమ్మ గీయించుకోవడానికి వచ్చి పరిచయమైందని, కొద్ది రోజుల్లోనే పెళ్లి దాకా వెళ్లిందని చెబుతారు. వాళ్ల కాపురం చివరిదాకా బాగానే సాగింది.

ఆ ఆస్తి వల్ల ఆయనకు దొరికింది టైమ్. వచ్చే నెల అద్దె ఎలా అన్న భయం లేకుండా నేర్చుకునే వెసులుబాటు. మీలో చాలామందికి అది ఉండదు. కాబట్టి ‘రేబర్న్ ఊళ్లోనే ఉండి సాధించాడు, నువ్వెందుకు సాధించలేవు?’ అని ఎవరైనా అంటే నమ్మేయకండి. ఆర్నెల్లు జీతం లేకుండా గడిచే వీలు మీ ఇంట్లో ఉందా లేదా అన్నది మీ ప్రతిభకు కొలమానం కాదు. కానీ మీ ప్లాన్‌లో అది ఉండాల్సిన అంకె.

వెళ్లాడు.. కానీ నేర్చుకోవడానికి

ఉండిపోయాడంటే ఊరు దాటలేదని కాదు. 1784లో రేబర్న్ లండన్ మీదుగా రోమ్‌కు బయల్దేరాడు. అప్పటికి బ్రిటన్‌లో పోర్ట్రెయిట్ అంటే సర్ జాషువా రెనాల్డ్స్. రాయల్ అకాడమీకి మొదటి అధ్యక్షుడు ఆయనే. రేబర్న్ వెళ్లి ఆయన్ను కలిశాడు. రోమ్‌లో మైకెలాంజెలో పనిని బాగా చూడమని రెనాల్డ్స్ చెప్పి పంపాడు.

రోమ్‌లో సుమారు రెండేళ్లు. అక్కడ అందిన సలహాల్లో రేబర్న్ జీవితాంతం పట్టుకున్నది ఒకటి ఉంది. చెప్పింది జేమ్స్ బయర్స్ అనే స్కాట్లండ్ వాడు. పాత కళాఖండాలు కొని అమ్మడం, వచ్చినవాళ్లకు రోమ్ చూపించడం ఆయన పని. ఆయన సలహా ఇదీ: ఏ వస్తువునూ జ్ఞాపకం మీద ఆధారపడి గీయొద్దు. ముఖం నుంచి మూలనున్న చిన్న వస్తువు దాకా, ఎదురుగా పెట్టుకుని చూస్తూనే గీయి.

కోడ్ రాసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ‘ఈ ఫంక్షన్ ఇలాగే పనిచేస్తుందిలే’ అని గుర్తున్నదాన్ని బట్టి రాసేయడం ఒకటి, డాక్యుమెంటేషన్ తెరిచి, డేటా ఎదురుగా పెట్టుకుని రాయడం మరొకటి. రెండింటి ఫలితమూ ఒకేలా ఉండదు.

రోమ్ నుంచి తిరిగొచ్చేటప్పుడు లండన్‌లో దిగిపోవచ్చు. దిగలేదు. నేరుగా ఎడిన్‌బరో వచ్చి స్టూడియో తెరిచాడు. బయట నేర్చుకున్నాడు, ఇంట్లో వాడాడు. ‘వెళ్లడం’, ‘స్థిరపడటం’ రెండూ వేర్వేరు నిర్ణయాలు. మనం చాలాసార్లు రెండింటినీ కలిపేస్తాం.

ఊళ్లో గిరాకీ ఉంది కాబట్టే

ఎడిన్‌బరోలో ఉండిపోవడం ఊరి మీద మమకారంతోనేనా? ఆయన మనసులో ఏముందో చెప్పలేం. కానీ అప్పటి ఎడిన్‌బరోను చూస్తే లెక్క స్పష్టంగా తెలుస్తుంది. 1767లో జేమ్స్ క్రెయిగ్ గీసిన ప్లాన్ ప్రకారం పాత నగరానికి ఉత్తరాన ‘న్యూ టౌన్’ లేస్తోంది. తిన్నని వీధులు, పెద్ద ఇళ్లు, ఎత్తయిన గోడలున్న హాళ్లు. అందులో ఉండేవాళ్లు లాయర్లు, జడ్జీలు, ప్రొఫెసర్లు, జమీందార్లు. చేతిలో డబ్బుంది, గోడ ఖాళీగా ఉంది. పైగా ఆలోచనల్లో ఐరోపా అంతా తలతిప్పి చూస్తున్న నగరం అది. భూమి వయసు గురించి కొత్తగా ఆలోచించిన జేమ్స్ హట్టన్ అక్కడివాడే. రేబర్న్ వేసిన ఆయన బొమ్మలో పక్కన బల్ల మీద రాళ్లు, శిలాజాలు కనిపిస్తాయి.

ఇంతమంది కస్టమర్లున్న చోట పోటీ మాత్రం తక్కువ. మంచి చిత్రకారులంతా లండన్ వెళ్లిపోయారు కదా! కొన్నేళ్లలోనే రేబర్న్ పాత పరిచయస్తుడు మార్టిన్‌ను దాటేశాడు. ఆ తర్వాత స్కాట్లండ్‌లో ఆయనకు సాటి లేదు.

ఆయన ముందు కూర్చున్నవాళ్లలో ఫిడేలు విద్వాంసుడు నీల్ గౌ ఉన్నాడు, రచయిత వాల్టర్ స్కాట్ ఉన్నాడు. మా ఇంజినీరింగ్ వాళ్లు గుర్తుపట్టే పేర్లూ రెండున్నాయి. ఒకటి జాన్ రెన్నీ, రేవులు, వంతెనలు కట్టిన స్కాట్లండ్ ఇంజినీరు. రెండోది థామస్ టెల్ఫర్డ్. రాళ్లు చెక్కే మేస్త్రీగా మొదలై, లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ సివిల్ ఇంజినీర్స్‌కు మొదటి అధ్యక్షుడయ్యాడు. సివిల్ చదివేవాళ్లు టెల్ఫర్డ్ బొమ్మను నెట్‌లో ఓసారి వెతికి చూడండి.

తొమ్మిదింటికల్లా రెడీ

1798 నాటికి న్యూ టౌన్‌లోని యార్క్ ప్లేస్‌లో సొంత స్టూడియో కట్టించుకున్నాడు. అందులో అసలు విశేషం కిటికీలు. వెలుగు ఎటు నుంచి, ఎంత రావాలో తేల్చడానికి షట్టర్లు పెట్టించాడు. కొన్ని మూసి, కొన్ని తెరిచి, ముఖం మీద నీడ ఎక్కడ పడాలో తనే నిర్ణయించేవాడు. రేబర్న్ బొమ్మల్లో మనిషి చీకట్లోంచి వెలుగులోకి వచ్చినట్టు ఉండటానికి సగం కారణం ఆ గదే. తన పనికి ఏ పనిముట్టు కీలకమో తెలిసి, డబ్బు అక్కడ పెట్టాడు.

దినచర్య విషయానికొస్తే, వేసవిలో 7 గంటలకు లేవడం, 8 గంటలకు కుటుంబంతో టిఫిన్, నడుచుకుంటూ స్టూడియోకు, 9 గంటలకు మొదటి మనిషి కుర్చీలో. రోజుకు ముగ్గురు నలుగురు. ఒక్కొక్కరికి సుమారు గంటన్నర. తల, భుజాల వరకు బొమ్మైతే నాలుగైదు సార్లు కూర్చుంటే చాలు.

అంత వేగం ఎలా వచ్చింది? ఆయన ముందు పెన్సిల్‌తోనో, సుద్దతోనో స్కెచ్ వేసుకునేవాడు కాదు. నేరుగా రంగుల కుంచె పట్టేవాడు. ఎదుటి మనిషిని కూర్చోబెట్టి, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ గది అవతలి చివరకు వెళ్లేవాడు. అక్కణ్నుంచి కాసేపు అలా చూస్తూ నిలబడేవాడు. తర్వాత కాన్వాస్ దగ్గరకు వచ్చి, మనిషి వంక చూడకుండా కొంతసేపు రంగు వేసేవాడు. మళ్లీ వెనక్కి. దగ్గరగా ఉంటే కనుబొమ్మలో వెంట్రుకలు కనిపిస్తాయి, దూరం నుంచి మనిషి కనిపిస్తాడు. ఆయన చూసింది మనిషిని.

ఇలా సుమారు వెయ్యి పోర్ట్రెయిట్లు గీశాడని అంచనా. కథలో ‘ప్రతిభ’ అనే మాట ఎక్కడ వస్తుందా అని వెతుకుతున్నారేమో! ఈ దినచర్యలో చూడండి.

ఉండిపోయినందుకు కట్టిన మూల్యం

ఇక రెండో వైపు. లండన్‌లో పోర్ట్రెయిట్లకు వచ్చే ధరల కంటే ఎడిన్‌బరోలో ధరలు చాలా తక్కువ. ఆదాయం నిలబడాలంటే ఎక్కువ బొమ్మలు గీయాలి. అది కాక, 1808లో పెద్ద దెబ్బ తగిలింది. కుటుంబంలోని వాళ్లతో కలిసి, తన పేరు మీదే నడిచిన వ్యాపార సంస్థ దివాలా తీసింది. దాంతో రేబర్న్ కూడా దివాలా తీశాడు. అప్పటికి ఆయన వయసు 52. పేరుంది, పని ఉంది, చేతిలో డబ్బు లేదు.

అప్పుడు ఆయన చూపు లండన్ వైపు తిరిగింది. 1810 జనవరిలో అక్కడి ప్రముఖ పోర్ట్రెయిట్ కళాకారుడు జాన్ హాప్నర్ చనిపోయాడు. అంటే ఓ ‘ఖాళీ’ ఏర్పడింది. రేబర్న్ లండన్ వెళ్లాడు. విల్కీ వెంటబెట్టుకుని కళాకారులను పరిచయం చేశాడు. అందరూ మర్యాదగానే చూశారు. కానీ అప్పటికే థామస్ లారెన్స్ అక్కడ తిరుగులేని స్థానంలో ఉన్నాడు. 54 ఏళ్ల వయసులో కొత్త నగరంలో సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఎడిన్‌బరోలోనేమో జనం బొమ్మల కోసం వరసలో ఉన్నారు. తిరిగొచ్చేశాడు. వచ్చి పడుకోలేదు. ఆయన గొప్ప చిత్రాలని చెప్పుకొనేవాటిలో కొన్ని, 1812 నాటి గ్లెన్‌గారీ సర్దారు నిలువెత్తు బొమ్మతో సహా, దివాలా తర్వాతివే.

ఒంటరితనం కూడా ఆయన్ను బాధపెట్టింది. లండన్‌లో తోటి చిత్రకారులు ఏం గీస్తున్నారో, ప్రదర్శనల్లో తన బొమ్మల గురించి ఏమనుకుంటున్నారో తెలియడం లేదని, ఆఫ్రికా కొసన ఉన్నవాడికీ తనకూ తేడా లేదని విల్కీకి రాసిన ఉత్తరంలో వాపోయాడు. చిన్న ఊళ్లో రిమోట్‌గా పనిచేసే ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు. జీతం వస్తుంది, పని బాగానే నడుస్తుంది, కానీ ‘నా పని ఏ స్థాయిలో ఉంది?’ అని చెప్పే మనిషి పక్కన ఉండడు.

గుర్తింపూ ఆలస్యంగానే వచ్చింది. రాయల్ అకాడమీ పూర్తి సభ్యత్వం 1815లో, 59వ ఏట దక్కింది. నిబంధన ప్రకారం కొత్త సభ్యుడు తన చిత్రం ఒకటి ఇవ్వాలి. రేబర్న్ తన సొంత బొమ్మ పంపితే, సభ్యుల పోర్ట్రెయిట్లు తీసుకోమన్నారు. చివరికి కుందేలు పక్కన కూర్చున్న ఓ పిల్లాడి బొమ్మ ఇచ్చాడు. ఆ పిల్లాడు ఆయన ఇంట్లోవాడే, వినికిడి లేని మనవడు. వద్దన్న సొంత బొమ్మ ఇప్పుడు ఎడిన్‌బరోలోని నేషనల్ గ్యాలరీలో ఉంది.

రాసిపెట్టుకోని పని

రేబర్న్ పేరు చెబితే ప్రపంచమంతా గుర్తుపట్టే చిత్రం ఒకటుంది. నల్లకోటు, నల్లటోపీ వేసుకున్న పాస్టర్ రాబర్ట్ వాకర్, చేతులు కట్టుకుని, ఒంటికాలి మీద మంచు గడ్డకట్టిన డడింగ్‌స్టన్ చెరువు మీద జారుతుంటాడు. 1790ల నాటి చిన్న చిత్రం. స్కాట్లండ్‌లో కప్పుల మీద, టీషర్టుల మీద కూడా ఉంటుంది. అయితే ఇది నిజంగా రేబర్న్ గీసిందేనా, హెన్రీ పియర్ డాన్లూ అనే ఫ్రెంచ్ చిత్రకారుడు గీసిందా అని 2005లో వివాదం లేచింది. గ్యాలరీ రేబర్న్ పేరుతోనే ఉంచింది కానీ, అందరూ ఒప్పుకున్నారని చెప్పలేం.

అలాంటి వాదనకు చోటెందుకు దొరికింది? రేబర్న్ తన బొమ్మల మీద సంతకం, తేదీ వేయడం చాలా అరుదు. ఏ రోజు ఎవరు కూర్చున్నారో చెప్పే పుస్తకమూ మనకు మిగల్లేదు. వెయ్యి బొమ్మలు గీసిన మనిషికి, తన ప్రసిద్ధ చిత్రం తనదేనని చెప్పే ఒక్క కాగితం లేదు. ప్రాజెక్టు చేశాక గిట్‌హబ్‌లో పెట్టడానికి, ఇంటర్న్‌షిప్‌లో ఏ భాగం మీరు చేశారో రెండు లైన్లు రాసుకోవడానికి బద్ధకించేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రాజే ఊరికొచ్చాడు

1822లో నాలుగో జార్జ్ రాజు ఎడిన్‌బరో వచ్చాడు. పాలిస్తున్న రాజు స్కాట్లండ్‌లో అడుగుపెట్టడం సుమారు 170 ఏళ్లలో అదే మొదటిసారి. నగరానికి దగ్గర్లోని హోప్‌టన్ హౌస్‌లో రేబర్న్‌కు ‘సర్’ బిరుదు ఇచ్చాడు. మరుసటి ఏడాది స్కాట్లండ్‌కు రాజు చిత్రకారుడిగా నియమించారు. ఆ పదవి ఎంతోకాలం అనుభవించలేదు. 1823 జులై 8న, 67వ ఏట చనిపోయాడు. స్టాక్‌బ్రిడ్జ్‌లో తన భూమిలో ఆయన వేయించిన వీధుల్లో ఒకటి ‘ఆన్ స్ట్రీట్’. భార్య పేరు. ఇప్పటికీ ఉంది.

మీ లెక్క మీరు వేసుకోండి

ఉండాలా, వెళ్లాలా? రేబర్న్ జవాబు మీ జవాబు కానక్కర్లేదు. కానీ ఆయన కథ లోంచి నాలుగు ప్రశ్నలు తీసుకోవచ్చు. ఓ కాగితం మీద రాసి, నిజాయతీగా జవాబులు నింపండి.

• గిరాకీ: నాకొచ్చిన పనికి డబ్బిచ్చేవాళ్లు నా ఊళ్లో, లేదా ఊళ్లో కూర్చునే అందుకోగల చోట, ఎందరున్నారు? పేర్లతో సహా రాయండి. పది పేర్లు కూడా రాకపోతే అదే జవాబు.

• నేర్చుకోవడం: నాకు కావాల్సిన పాఠం ఎక్కడుంది? అక్కడికి ఆర్నెల్లో, రెండేళ్లో వెళ్లి తిరిగి రావచ్చా?

• వెసులుబాటు: సంపాదన లేకుండా ఎన్ని నెలలు గడుస్తాయి? ఇంట్లోవాళ్లతో కూర్చుని అంకె తేల్చండి. మొహమాటం వద్దు.

• దిద్దేవాళ్లు: నా పని చూసి తప్పు చెప్పేవాళ్లు ఎవరు? ఊళ్లో లేకపోతే నెలకోసారైనా ఎవరికి చూపిస్తాను?

వెళ్లాలని తేలితే నిశ్చింతగా వెళ్లండి. ఉండాలని తేలితే పక్కింటి వాళ్లకు సంజాయిషీ చెప్పుకుంటూ కూర్చోకండి. ఏ ఊళ్లో ఉన్నా రేపు ఉదయం 9 గంటలకల్లా మీ పని ముందు మీరుండాలి. ఆ విషయంలో లండన్‌కూ ఎడిన్‌బరోకూ తేడా లేదు.